పని చూపించిన సినిమా: ఒక సంవాదం

స్టార్లు లేకుండా, తక్కువ డబ్బుతో మన దేశంలో తీసిన సినిమాలకూ డాక్యుమెంటరీలకూ ఈ మధ్య బయటి దేశాల్లో పెద్ద గౌరవాలే దక్కుతున్నాయి. షౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ 2022లో సన్‌డాన్స్‌లోనూ కాన్‌లోనూ డాక్యుమెంటరీ బహుమతులు గెలిచింది. పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రీ అందుకుంది. ఆ ఉత్సవం ప్రధాన పోటీలో ఒక భారతీయ చిత్రం నిలవడం ముప్పై ఏళ్ళ తర్వాత అదే. 2025లో రోహన్ పరశురామ్ కనవడే మరాఠీ సినిమా ‘సాబర్ బోండ’కు సన్‌డాన్స్‌లో విదేశీ కథాచిత్రాల విభాగపు అగ్ర బహుమతి వచ్చింది. ఈ పేర్లు పత్రికల్లో చదివినవాళ్ళు చాలామంది, సినిమాలు చూసినవాళ్ళు కొందరు, వాటి మంచిచెడ్డలు ఏ లెక్కన తేల్చాలో ఆలోచించినవాళ్ళు ఇంకా తక్కువ. ఈ సంవాదం ఆ లెక్క గురించే. మాట్లాడేవాళ్ళిద్దరూ కల్పితులు. ఒకరు తెలుగు కమర్షియల్ సినిమాలకు కథలు, మాటలు రాసే సీనియర్ రచయిత. మరొకరు చిన్న సినిమాల మీద ఎక్కువగా రాసే విమర్శకురాలు. వాళ్ళు చర్చించే సినిమాలు మాత్రం నిజమైనవి.

రచయిత: సూటిగానే అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. చిన్న సినిమా అనేసరికి మీ విమర్శకుల కలం మెత్తబడిపోతుంది. పెద్ద సినిమాలో లాజిక్ లేకపోతే చీల్చి చెండాడతారు. చిన్న సినిమాలో కథే లేకపోతే అది జీవితం అంటారు. మా దగ్గర సాగదీత అన్నది అక్కడ నిదానం అవుతుంది. మా నటుడికి నటన రాకపోతే చెక్కమొహం, వాళ్ళ నటుడికి రాకపోతే సహజత్వం. పైగా ఆ సినిమాల్లో ఎప్పుడు చూసినా మురికివాడ, కరువు, ఆకలి, అత్యాచారం. విదేశీ ఫెస్టివల్‌లో కూర్చున్నవాళ్ళకు మన దేశం అంటే అదే కావాలి. దాన్ని అందంగా ఫ్రేమ్ కట్టి ఇచ్చినవాడికి బహుమతి. మాదీ ఫార్ములానే, వాళ్ళదీ ఫార్ములానే. మా ఫార్ములాకు జనం డబ్బులిస్తారు, వాళ్ళ ఫార్ములాకు జ్యూరీ సర్టిఫికెట్ ఇస్తుంది. మధ్యలో మీరు జ్యూరీ పక్షాన నిలబడి జనానికి అభిరుచి లేదంటారు. ఇదేం న్యాయం?

విమర్శకురాలు: సగం ఒప్పుకుంటాను గురువుగారూ. చిన్న సినిమా కదా అని జాలిపడి రాసే సమీక్ష ఆ సినిమాకు అవమానమే. తీసినవాళ్ళు కష్టపడ్డారు కాబట్టి మెచ్చుకోవాలంటే ఇక విమర్శ దేనికి, చందా రాసి ఇచ్చేస్తే సరిపోతుంది. అందుకే నాకు ఒక కొలత కావాలి. ఆ కొలత కథాచిత్రానికీ డాక్యుమెంటరీకీ ఒకటే అయ్యుండాలి, బహుమతి వచ్చిన సినిమాను కూడా పట్టుకుని నిలదీయగలగాలి. నేను చూసేది ఇది: తెర మీద ఉన్న మనిషి ఏం పని చేసి బతుకుతున్నాడో ఆ సినిమాకు తెలుసా? తెలిస్తే, దాన్ని ఓపికగా చూపించిందా? బాధను చూపించడం సులువు. ఏడ్చే మొహానికి క్లోజప్ పెడితే చాలు, ఎవరి మొహమైనా ఇంచుమించు అలాగే ఉంటుంది. పని దగ్గరికొచ్చేసరికి మనిషికీ మనిషికీ తేడా తెలుస్తుంది. ఒకరి ఒడుపు, ఒకరి విసుగు, ఒకరి గర్వం, ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాటు అన్నీ అక్కడే బయటపడతాయి. మీరు చెప్పిన పేదరికపు ఫార్ములా సినిమాల్లో మనుషులుంటారు, వాళ్ళకు బాధ ఉంటుంది, పని మాత్రం ఉండదు. అవి నాకూ నచ్చవు. మీకు నచ్చకపోవడానికి కారణం వేరు, నాకు నచ్చకపోవడానికి కారణం వేరు, అంతే.

రచయిత: పని చూపిస్తే సినిమా గొప్పదైపోతే ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ వార్తాచిత్రాలు ప్రపంచంలోకెల్లా గొప్పవి అయ్యుండాలి. ఆనకట్టల పనులు, ఉక్కు ఫ్యాక్టరీలు, వరి నాట్లు అన్నీ చూపించేవారు. థియేటర్లో అసలు సినిమాకు ముందు అవి తప్పనిసరిగా వేసేవారు, జనం ఆ పది నిమిషాలూ బయట సిగరెట్ కాల్చుకునేవారు. కాబట్టి సిద్ధాంతం పక్కన పెట్టి ఉదాహరణ చెప్పండి. పని చూపించడం వల్ల ఒక సినిమాకు కథగా, అనుభవంగా ఏం కలిసొచ్చింది?

విమర్శకురాలు: ‘ఆల్ దట్ బ్రీత్స్’ తీసుకోండి. ఢిల్లీ వజీరాబాద్‌లో నదీమ్, సౌద్ అనే అన్నదమ్ములు గాయపడిన గద్దలకు వైద్యం చేస్తుంటారు. గాలిపటాల మాంజా తగిలి రెక్కలు తెగిన గద్దలను, మాంసం తినే పక్షులని చెప్పి పక్షుల ఆసుపత్రి చేర్చుకోకపోవడంతో ఆ బాధ్యత వీళ్ళు నెత్తిన వేసుకున్నారు. బతుకుతెరువు మాత్రం సబ్బునీళ్ళ డిస్పెన్సర్ల తయారీ. ఒకే నేలమాళిగలో ఒక పక్క డిస్పెన్సర్లు, ఇంకో పక్క అట్టపెట్టెల్లో పక్షులు. ఈ విషయం ఇంకొకరి చేతిలో పడితే దయామయులైన సోదరుల కథ అయ్యేది, వెనక వేణువు మోగేది. షౌనక్ సేన్ గద్దలకు మాంసం కొట్టడం చూపిస్తాడు, కట్టు కట్టడం చూపిస్తాడు, డబ్బుకు తడుముకోవడం, ఇద్దరూ ఒకరి మీద ఒకరు చిరాకు పడటం చూపిస్తాడు. పౌరసత్వ చట్టం మీద నిరసనలు, 2020 ఫిబ్రవరి నాటి ఢిల్లీ హింస ఆ పని మధ్యలోకి దూరం నుంచి వచ్చి చేరతాయి. వాళ్ళు ముస్లింలు కాబట్టి ఆ భయం వాళ్ళ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అయినా ఎవరూ కెమెరా ముందు కూర్చుని భయం గురించి ఉపన్యసించరు. చేతిలో పక్షి ఉంది, దాని రెక్క కుట్టాలి, బయట ఊరు తగలబడుతోంది. ఈ మూడూ ఒకేసారి మన మీద పనిచేస్తాయి. ఆ బలం పనిని నమ్మకంగా చూపించడం వల్ల వచ్చింది. మీ వార్తాచిత్రాల్లో ఆనకట్ట ఉండేది, తట్ట మోసే మనిషి పేరు ఉండేది కాదు. అక్కడ కనిపించింది ప్రభుత్వం పని.

రచయిత: అది డాక్యుమెంటరీ. నిజంగా ఉన్నవాళ్ళు, నిజంగా చేస్తున్న పని. కెమెరా పెట్టి కూర్చుంటే ఎంతో కొంత దొరుకుతుంది. కథాచిత్రం అలా కాదమ్మా. అక్కడ మనం సంఘర్షణ సృష్టించాలి, మలుపు పెట్టాలి, ప్రేక్షకుడి గుండె పట్టుకోవాలి. పాయల్ కపాడియా సినిమాలో ముగ్గురు ఆడవాళ్ళు తిరుగుతుంటారు, వాన పడుతుంటుంది, రైళ్ళు వెళ్తుంటాయి. మలుపు ఎక్కడుంది?

విమర్శకురాలు: మలుపు ఉంది, అది కూడా పనిలోంచే వచ్చింది. ప్రభ, అను ముంబై ఆసుపత్రిలో మలయాళీ నర్సులు. పార్వతి అదే ఆసుపత్రిలో వంటమనిషి. ఆమె ఉంటున్న చాల్‌ని బిల్డర్ ఖాళీ చేయిస్తున్నాడు. భర్త పోయాక ఆ గది తనదని చూపే కాగితం ముక్క ఆమె దగ్గర లేదు. ప్రభ భర్త జర్మనీలో ఉన్నాడు, ఫోన్ చేయడం మానేశాడు. ఒకరోజు జర్మనీలో తయారైన రైస్ కుక్కర్ ఒకటి పార్సిల్లో వస్తుంది. తర్వాత ముగ్గురూ పార్వతి సొంతూరు రత్నగిరి ప్రాంతానికి వెళ్తారు. అక్కడ సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక మనిషికి ప్రభ ఊపిరి పోస్తుంది. ఊరివాళ్ళు ఆమెను అతని భార్య అనుకుంటారు. ఆ పొరపాటులోంచే ఆమెకు తన భర్తతో ఎన్నడూ జరగని సంభాషణ జరుగుతుంది. సినిమా మొత్తంలో కలలాంటి ఘట్టం అదొక్కటే. మీరు ఈ కథ రాస్తే ఆ కలకు మంత్రమో జాతకమో కారణం పెట్టేవారేమో. కపాడియా ఆ తలుపు తెరిచే పని నర్సు చేతులకు అప్పగించింది. మొదటి గంటంతా ఆమె ఉద్యోగాన్ని మనం చూసి ఉన్నాం కాబట్టి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ నొక్కుతున్నప్పుడు ఆమె మీద మనకు పూర్తి నమ్మకం. ఆ నమ్మకం ఉంది కాబట్టే తర్వాత వచ్చే అబద్ధాన్ని కూడా అంగీకరిస్తాం. స్క్రీన్‌ప్లే భాషలో మీరు దీన్నే సెటప్, పేఆఫ్ అంటారు కదా.

రచయిత: సరే, అక్కడ మార్కులు వేస్తాను. ఇప్పుడు అసలు ప్రశ్న. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొడ్డుచాకిరీ చేసి, జేబులో డబ్బు తీసి టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి తెర మీద మళ్ళీ పనే చూపిస్తారా? హాల్లో కాసేపు ఆ బరువు దించుకోవడానికే వచ్చాడు వాడు. నర్సుగా పన్నెండు గంటలు నిలబడ్డ ఆవిడ నర్సు కథ చూడాలనుకుంటుందా, మహారాణి కథ చూడాలనుకుంటుందా? పనిని చూసి మురిసిపోయేది పని చేయనక్కర్లేనివాళ్ళే. మీ కొలతలో కాస్త మేడ మీది చూపు ఉందమ్మా. అది తప్పు అనను, కానీ ఉంది.

విమర్శకురాలు: ఈ ఆక్షేపణ గట్టిదే, అందుకే జవాబు జనంలోంచే తీస్తాను. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వందేళ్ళు దాటిన మస్తానమ్మ ఆరుబయట నేల మీద కూర్చుని, గోళ్ళతో అల్లం పొట్టు తీసి, కట్టెల పొయ్యి మీద వండుతుంటే ‘కంట్రీ ఫుడ్స్’ యూట్యూబ్ ఛానెల్లో లక్షల మంది చూశారు. అందులో మలుపు లేదు, విలన్ లేడు, పాట లేదు. పుచ్చకాయలో కోడికూర వండటమే కథ. చూసినవాళ్ళలో రోజూ వంట చేసి విసిగినవాళ్ళే ఎక్కువమంది ఉండి ఉంటారు. పనితనం ఉన్న చేతులను చూడటం మనిషికి ఇష్టం. ఆ ఇష్టం మీకూ తెలుసు, అందుకే హీరో కర్రసాము నేర్చుకునే సీన్లు రాస్తారు, క్రికెట్ సినిమాలో ప్రాక్టీసు పాట పెడతారు. అయితే ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మీ ఉత్సాహం ఆగిపోతుంది. హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని ఒక డైలాగ్‌లో తెలుస్తుంది, రెండున్నర గంటల్లో ల్యాప్‌టాప్ ఒక్కసారి తెరుచుకోదు. దానికి భిన్నంగా 2019లో రాజ్ రాచకొండ తీసిన ‘మల్లేశం’ చూడండి. పోచంపల్లి చీరకు ఆసు పోయడం అంటే చేతిని కొయ్యల చుట్టూ వేల సార్లు తిప్పడం. ఆ తిప్పుడుకు తల్లి భుజం పడిపోతుంటే కొడుకు యంత్రం కనిపెట్టాలనుకుంటాడు. చివరికి కనిపెట్టిన యంత్రానికి తల్లి పేరు లక్ష్మి అని పెట్టాడు. చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమాలో సెంటిమెంట్ లేదా? బోలెడంత ఉంది. కాకపోతే ఆ కొయ్యల చుట్టూ చెయ్యి తిరగడం చూశాక వచ్చిన సెంటిమెంట్ అది. ముందు భుజం నొప్పి మనకు తెలియాలి, తర్వాత కన్నీరు రావాలి.

రచయిత: మీరు నా చేతికే కర్ర అందిస్తున్నారు. పని చూపించడమే కొలత అయితే ‘ఆర్‌ఆర్‌ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ కంటే గొప్ప డాక్యుమెంటరీ లేదు. మొదటి నుంచి చివరి దాకా పనే. ఒక ఫైటు ఎలా తీశారో, సెట్టు ఎలా వేశారో, ఒక పాటకు ఎంత చెమటోడ్చారో అన్నీ ఉన్నాయి. 2024లో విడుదలైంది, నెట్‌ఫ్లిక్స్‌లో ఎవరైనా చూడొచ్చు. దాన్ని మీరు ప్రచార చిత్రం అంటారు. మీ కొలత ప్రకారం అది నెగ్గాలి కదా?

విమర్శకురాలు: మంచి ఉచ్చే పన్నారు. ఆ చిత్రంలో నేర్చుకోదగ్గ పనితనం ఉంది, కాదనను. కానీ ఒక సినిమా బృందం తన విజయం గురించి తానే చెప్పుకునే చిత్రంలో ముగింపు ముందే తెలిసిపోతుంది. పడ్డ ప్రతి కష్టం విజయానికి మెట్టు అవుతుంది, ఏ కష్టమూ వృథా పోదు. నిజమైన పనికి షరతులుంటాయి: ఎవరు ఎవరికోసం చేస్తున్నారు, ఎంతకు చేస్తున్నారు, ఎవరి మాట చెల్లుతుంది, చెడితే ఎవరు మునుగుతారు. పనిని చూపించి షరతులు దాచేస్తే అది ప్రకటన. నా కొలతకు ఇది రెండో సగం. సర్వ్‌నిక్ కౌర్ తీసిన ‘అగెయిన్‌స్ట్ ది టైడ్’ 2023లో వచ్చింది. ముంబై కోలీ మత్స్యకారులు ఇద్దరు, చిన్నప్పటి స్నేహితులు. ఒకరు తండ్రి ఇచ్చిన పడవతో, పాత పద్ధతిలో ఒడ్డుకు దగ్గరగా వేటాడతారు. ఇంకొకరు స్కాట్లాండ్‌లో చదువుకుని వచ్చి, అప్పులు చేసి, లోతు సముద్రంలో పెద్ద వేటకు దిగారు. అప్పు తీరాలంటే చట్టం నిషేధించిన ఎల్‌ఈడీ దీపాల వేటకు వెళ్ళాలి. ఆ వేట వల్ల సముద్రంలో చేప తగ్గుతుంది, తగ్గిన చేప స్నేహితుడి వలలోదే. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది ఆ వేట షరతులే. ఇంతకంటే గట్టి సంఘర్షణ ఏ స్క్రీన్‌ప్లే పుస్తకం నేర్పుతుంది?

రచయిత: ఇప్పుడు షరతుల గురించే మాట్లాడదాం, కెమెరా వెనక ఉన్న షరతుల గురించి. రాహుల్ జైన్ ‘మెషీన్స్’ గుజరాత్ బట్టల మిల్లు మీద తీశాడు. చూడటానికి ప్రతి ఫ్రేమూ పెయింటింగ్. రంగులు, ఆవిరి, నిద్రకు తూలుతున్న కుర్రాడు. చివరికి ఆ కార్మికులే గుంపుగా నిలబడి తీసేవాడిని అడుగుతారు, వచ్చావు, చూశావు, వెళ్ళిపోతావు, మాకేం చేస్తావు అని. దానికి జవాబు లేదు. ఇంగ్లీషు చదువు, విదేశీ నిధులు, ఫెస్టివల్ టికెట్లు ఉన్నవాళ్ళు తీస్తారు, లేనివాళ్ళు తీయబడతారు. పైగా డాక్యుమెంటరీ అన్న పేరుతో నిజం అని నమ్మిస్తారు. పాయల్ కపాడియా తొలి పూర్తి నిడివి డాక్యుమెంటరీ ‘ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్’లో ఒక అమ్మాయి రాసిన ఉత్తరాలే కల్పితం. మేం కల్పిస్తే కమర్షియల్, వాళ్ళు కల్పిస్తే కళ. అవునా?

విమర్శకురాలు: రెండు ప్రశ్నలు కలిపేశారు, విడదీద్దాం. కల్పన నేరం కాదు. డాక్యుమెంటరీకి ఆదిగ్రంథంలా చెప్పుకునే రాబర్ట్ ఫ్లాహర్టీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ 1922లో వచ్చింది. లోపల వెలుతురు కోసం మంచు ఇంటిని సగం తెరిచి కట్టించాడు. అది నాకు పెద్ద తప్పుగా కనిపించదు, కెమెరాకు వెలుతురు కావాలి. కానీ అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యూట్ వేటగాళ్ళతో ఈటెలు పట్టించి వేటాడించాడు. ఆ సినిమాకు డబ్బు పెట్టింది అక్కడ బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసే రెవియోన్ కంపెనీ. అంటే ఆ మనుషులు ఏ లోకంతో, ఏ వ్యాపారంతో ముడిపడి బతుకుతున్నారో ఆ షరతును దాచి, వాళ్ళను కాలం అంటని మనుషులుగా చూపించాడు. అసలు అబద్ధం అది. కపాడియా కల్పించిన ఉత్తరాలు వేరే పని చేస్తాయి. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో 2015లో జరిగిన సమ్మె, దేశంలోని విద్యార్థుల నిరసనలు ఆ దృశ్యాల్లో నిజమైనవే. ఉత్తరం వాటిని కలిపి కుట్టే దారం. దాని వల్ల ఎవరి జీవితపు షరతూ మరుగున పడలేదు. ఇక ‘మెషీన్స్’ విషయంలో మీతో చాలావరకు ఏకీభవిస్తాను. ఆ సినిమాలో యంత్రానికి దక్కిన ఓపిక మనిషికి దక్కలేదు, చాలామందికి పేర్లు కూడా లేవు. అయితే తనను నిలదీసిన ఆ ప్రశ్నను దర్శకుడు కత్తిరించి పారేయలేదు. అది ఉంది కాబట్టే ఈరోజు మీరు ఆయన మీదికి దాన్ని విసరగలిగారు.

రచయిత: ఇంకా బహుమతి సినిమాను నిలదీస్తానన్నారు. ఇప్పటిదాకా నిలదీసింది పాతవాళ్ళనూ మావాళ్ళనూ. ఆస్కార్ దాకా వెళ్ళిన వాటిలో ఒకదాన్ని పట్టుకోండి చూద్దాం.

విమర్శకురాలు: ‘రైటింగ్ విత్ ఫైర్’. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీశారు, 2022లో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దళిత మహిళలు ముందుండి నడిపే ‘ఖబర్ లహరియా’ పత్రిక 2002లో చిత్రకూట్‌లో మొదలైంది. అది కాగితం నుంచి మొబైల్ వీడియోకు మారుతున్న కాలాన్ని ఆ చిత్రం పట్టుకుంది. ఫోన్ అంటే బెరుకు ఉన్న విలేఖరికి సహోద్యోగి నేర్పే సీన్లు నా కొలతకు నూటికి నూరు. పని ఎలా చేతికి వస్తుందో కళ్ళముందు కనిపిస్తుంది. కానీ ఆస్కార్ వేడుకకు కొద్ది రోజుల ముందు ఖబర్ లహరియా స్వయంగా ఒక ప్రకటన చేసింది. చిత్రం శక్తిమంతంగా ఉందంటూనే, తాము ఒకే పార్టీ మీద దృష్టి పెట్టి వార్తలు రాస్తున్నట్టు చూపడం సరికాదని చెప్పింది. స్థానిక సమస్యల మీద, అన్ని పార్టీల మీద రాసే పత్రిక తమదని గుర్తుచేసింది. తీసినవాళ్ళకు తమ దృష్టితో కథ చెప్పే హక్కు ఉంది. అయినా ఆ ఫిర్యాదు ఏమిటో చూడండి. మా కన్నీళ్ళు తక్కువ చూపించారని కాదు, మా పనిని ఇరుకు చేసి చూపించారని. విలేఖరుల పని విస్తృతిని కత్తిరించి అంతర్జాతీయ ప్రేక్షకుడికి తేలికగా అందే కథనం మలిచారని నా తీర్పు. నాలుగు మంచి సీన్లు ఉన్నాయని ఆ లోపాన్ని క్షమించను. బహుమతుల జాబితా నుంచి ఈ లోపం కనబడదు, పని దగ్గర నుంచి చూస్తే కనబడుతుంది.

రచయిత: ఒప్పుకున్నాను, కొలత వాడటం మీకు చేతనవును. అయితే ఇది అన్ని తాళాలకూ సరిపోయే చెవి కాదు. తమిళంలో పి.ఎస్. వినోద్‌రాజ్ ‘కొట్టుక్కాళి’ తీశాడు, 2024లో థియేటర్లకు వచ్చింది. మీనా అనే అమ్మాయి వేరే కులం కుర్రాడిని ప్రేమించింది, దెయ్యం పట్టిందని ఇంటిల్లిపాదీ ఆటోలో ఎక్కించి పూజారి దగ్గరికి తీసుకెళ్తారు. ఆమె సినిమా అంతా కూర్చునే ఉంటుంది, దాదాపు నోరు విప్పదు. ఏ పనీ చేయదు. మీ కొలత ప్రకారం ఆ పాత్ర సున్నా. కానీ మీరు దాన్ని మెచ్చుకునే ఉంటారు.

విమర్శకురాలు: మెచ్చుకున్నాను. అక్కడ పని చేస్తున్నది మిగతావాళ్ళు. మగవాళ్ళు బళ్ళు నడపడం, దారిలో ఆగడం, కోడిపుంజును మోసుకెళ్ళడం, కోపం దిగమింగడం, ఆడవాళ్ళు నచ్చజెప్పడం, ఇదంతా ఒక అమ్మాయిని వంచడానికి ఒక కుటుంబం పడే శ్రమ. నేపథ్య సంగీతం లేకుండా వినోద్‌రాజ్ ఆ శ్రమను అడుగడుగునా చూపిస్తాడు. అంత శ్రమ పడితే తప్ప ఒక కట్టుబాటు నిలబడదని అప్పుడు అర్థమవుతుంది. అయినా మీనా దగ్గర నా కొలత ఆగిపోతుందన్నది నిజం. ఆమె మౌనాన్ని పని అని పిలిస్తే మాటను సాగదీసినట్టే. ఏ కొలతైనా చూడటానికి ఆసరా, అంతే. అది అందని చోట విమర్శకుడు కళ్ళు మూసుకోకూడదు. కాకపోతే ఒక్క సినిమా లొంగలేదని కొలతను పారేస్తే మళ్ళీ మిగిలేవి మనం మొదట్లో తిట్టుకున్న రెండే: జాలి, బహుమతి.

రచయిత: చివరికి మన ఇంటి సంగతి. మరాఠీ, మలయాళం, తమిళం అన్నాం. తెలుగులో ఈ పంట ఎందుకు పండదు? మావాళ్ళకు చేతకాక కాదు. చిన్న సినిమాకు మంచి థియేటర్ దొరకదు, దొరికినా పొద్దున ఆట ఒక్కటే ఇస్తారు, మౌత్ టాక్ వచ్చేలోపు తీసేస్తారు. డాక్యుమెంటరీకి అదీ లేదు. నిర్మాత వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఓపికగా చేతుల మీద షాట్ పెట్టమంటే ఎవరు పెడతారు? మీరు చెప్పే ఓపికకు కూడా ఒక ధర ఉందమ్మా.

విమర్శకురాలు: ఉంది, ఆ ధర మాట చెప్పకుండా సౌందర్యం గురించి మాట్లాడటం నాకూ ఇష్టం లేదు. కానీ పండదు అనడం పొరపాటు. బి. నర్సింగరావు 1988లోనే ‘దాసి’ తీశారు. తెలంగాణ గడీలో దాసి చేసే చాకిరీలోనే దొరతనం మొత్తం కనబడుతుంది. మాటలు తక్కువ, పని ఎక్కువ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆ పాత్రకే వచ్చింది. 2018లో వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఆ పేట మనుషులతోనే తీశాడు. అందులో మద్యం షాపులో పనిచేసే గడ్డం అనే అతనికి ప్రేమ పుట్టింది కౌంటర్ అవతల నిలబడి రోజూ సీసా కొనే అమ్మాయి కళ్ళు చూసి. అతని ఉద్యోగం అది కాకపోతే ఆ ప్రేమ లేదు. ఆమె వృత్తి వేరైతే ఆ విషాదం లేదు. డాక్యుమెంటరీలకొస్తే హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ ఇక్కడి మతకల్లోలాల మీద 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో?’, రోహిత్ వేముల మరణం తర్వాతి ఉద్యమం మీద 2018లో ‘వి హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై’ తీశారు. మన ఊరి గురించి తీసిన ఈ చిత్రాల పేర్లు మన సినిమా పేజీల్లో ఎన్నిసార్లు వచ్చాయి? పంట లేదనే ముందు కోతకు వెళ్ళామా అని మనల్ని మనం అడగాలి. థియేటర్ సంగతి మీరన్నది వాస్తవమే, కానీ అందులోనూ కదలిక ఉంది. ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’నూ ‘సాబర్ బోండ’నూ భారతదేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. అంటే మలయాళ, మరాఠీ చిన్న సినిమాలకు హైదరాబాద్ నుంచి దారి దొరికింది.

రచయిత: దొరికినవాటికి దొరికింది. దొరకనివి?

విమర్శకురాలు: అవి ఎందుకు దొరకవో కూడా నా కొలతే చెబుతుంది. సంధ్యా సూరి డాక్యుమెంటరీల నుంచి వచ్చిన దర్శకురాలు. ఆమె ‘సంతోష్’ సినిమాలో కానిస్టేబుల్ భర్త చనిపోతే ఆ ఉద్యోగం భార్యకు వస్తుంది. ఆ యూనిఫాం వేసుకున్నాక కులం, మతం, ఆడతనం, లాఠీ ఆ ఉద్యోగంలో ఎలా పనిచేస్తాయో ఆమెతోపాటు మనమూ నేర్చుకుంటాం. బ్రిటన్ తన తరఫున ఆ సినిమాను ఆస్కార్‌కు పంపింది. మన సెన్సార్ బోర్డు పోలీసుల చిత్రణ మీద అభ్యంతరాలు పెట్టి కోతలు అడిగింది, 2025లో ఇక్కడి విడుదల ఆగిపోయింది. పోలీసుల మీద మనం సినిమాలు తీయడం లేదా? ఏడాదికి ఎన్నో వస్తాయి, వాటిలో హీరో ఎంతమందిని కొట్టినా ఇబ్బంది లేదు. స్టేషన్ లోపలి పని, దాని షరతులు కనబడేసరికి ఇబ్బంది వచ్చింది. ఈ సినిమాల విలువకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు అక్కర్లేదు. కాబట్టి నా తీర్పు ఇది గురువుగారూ. చిన్న సినిమాకు రాయితీ ఇవ్వొద్దు, పెద్ద బహుమతికి తల వంచొద్దు. డాక్యుమెంటరీ అయినా కథాచిత్రమైనా, అందులోని మనిషి ఏం చేస్తున్నాడో, ఏ షరతుల మీద చేస్తున్నాడో చూపించిందా అని అడగాలి. చూపించకపోతే కాన్‌లో గెలిచినా కొట్టేయాలి, చూపిస్తే పొద్దున ఆట ఒక్కటే దొరికినా దాని గురించి రాయాలి. చూసేవాళ్ళకు నా విన్నపం కూడా ఒక్కటే: ఆ పొద్దున ఆట పోస్టర్ దిగిపోకముందే వెళ్ళండి. నచ్చకపోతే నిర్మొహమాటంగా తిట్టండి, కానీ చూసి తిట్టండి.